నల్లబడ్డ గోజీ పండ్లు

ఆరబెట్టిన ఎర్రటి చిన్న గోజీ పండ్లను చేత్తో తాకకూడదు, తాకితే నల్లబడతాయి. నలభై ఏళ్లుగా ఆ పండ్లు కోస్తున్న సుయున్‌కు ఇది తెలియనిది కాదు. కంటికి పొర కమ్మి, ఎండాయో లేదో కనిపించక, వేళ్లతో తడిమి చూసింది.

మర్నాడు పక్కింటి ఫెంగ్ చాప మీద నల్లబడ్డ పండ్లను చూసి నెత్తి కొట్టుకుంది.

"అయ్యో వదినా, నిన్న కాపురానికొచ్చిన కోడలు కూడా ఇట్లా చెయ్యదు! ఆపరేషన్‌కి పట్నం పోదాం పదమంటే వినవు."

"ఈ పండ్లు తింటే పొర రాదని మీ అన్న అనేవాడు కదే."

"రాకుండా ఆపితే ఆపుతాయేమో గానీ, వచ్చింది పోదని డాక్టరు చెప్పలేదూ? అయినా నువ్వెప్పుడు తిన్నావని? నీ వంతు కూడా అన్న కప్పులోనే వేసేదానివి."

భర్త యాకూబ్ చనిపోయే వారం కూడా సుయున్ సూదిలో దారం ఎక్కించింది ఆయనే.

ఫెంగ్ వెళ్లాక, ఎప్పటిలాగే రెండు మూతకప్పులు పెట్టుకుంది. నల్లబడ్డ పండ్లు గుప్పెడు తీసి ఆయన కప్పులో వేసి, వేడినీళ్లు పోసి మూత పెట్టింది. ఎదుటి పీట వైపు చాలాసేపు చూసింది. అక్కడ మసక తప్ప ఏమీ లేదు. చివరికి ఆ కప్పు తనవైపు జరుపుకుని తానే తాగింది. తర్వాత గోడ దగ్గరికి వెళ్లి పిలిచింది.

"ఫెంగ్, పట్నం బస్సు ఎన్నింటికే?"