పరిమళ టీచర్ బండి మీద ఎర్ర ఎల్

పరిమళ టీచర్ జగ్గయ్యపేట నుంచి చిల్లకల్లు బడికి రోజూ స్కూటీ మీద వెళ్లేది. తొంభై ఎనిమిదిలో బండి కొన్నప్పుడు ముందూ వెనకా ఎర్ర రంగుతో ‘ఎల్’ అని రాయించింది. రెండు వేల నాలుగు వచ్చినా అది పోలేదు. వెలిసిపోయినప్పుడల్లా తనే మళ్లీ దిద్దేది.

హైవే మీద లారీల మధ్య అంత ఒడుపుగా నడిపే మనిషికి ఇంకా ఆ ఎల్ ఎందుకో నాకు అంతుపట్టలేదు. ఒకరోజు పెట్రోలు బంకులో ఉండబట్టలేక అడిగేశాను.

“లైసెన్సు వచ్చి ఆరేళ్లయింది కదమ్మా, ఇంకా నేర్చుకుంటూనే ఉన్నారా?”

“నాకెప్పుడో వచ్చేసిందండీ. నేర్చుకునేవాళ్లు ఇంకా ఉన్నారు,” అని నవ్వి వెళ్లిపోయింది. పొగరనుకున్నాను.

ఆదివారాలు చర్చి నుంచి నేరుగా మార్కెట్ యార్డుకెళ్లి ఆడవాళ్లకు బండి నేర్పుతోందని తర్వాత తెలిసింది. బడిలో వంట చేసే దేవమణితో మొదలుపెట్టి అప్పటికి పదకొండు మందికి నేర్పిందట. నమ్మక, చూద్దామని వెళ్లాను.

టీచర్ వెనక సీట్లో కూర్చుని, “బ్రేకు అక్కా, బ్రేకు!” అని అరుస్తోంది. కొంగు నడుముకి బిగించి బండి నడుపుతున్నది, గుడికని చెప్పి బయల్దేరిన మా ఆవిడ చూడామణి.

నన్ను చూసింది. అయినా బండి ఆపలేదు.