బాలామణి అత్త గది గోడ

ఇవాళ ముంబై ఫోరస్ రోడ్డులో ఎవరో పాత గోడ గీకుతున్నారు. ఎండు సున్నం వాసన తగలగానే నా కాళ్ళు ఆగిపోయాయి. చేతిలో డిగ్రీ పట్టా, మా ఇంటికి మొట్టమొదటిది! ఎదురైన ప్రతివాళ్ళకూ చూపించాలని ఉంది. కానీ ఆ వాసన నన్ను వరుసగా ఒంటి గదులుండే మా చాల్‌లోని పక్కింటి బాలామణి అత్త గదికి తీసుకుపోయింది.

నేనింకా బడిలో ఉన్న ఆ వానాకాలం అత్తకు వైరస్ జ్వరం ఊపిరితిత్తుల దాకా దిగింది. ఆక్సిజన్ మీదా స్టెరాయిడ్ల మీదా ఉండి, ఎలాగో బతికి ఇంటికొచ్చింది. మావాళ్ళు తాతల నాటి నుంచి గోడలు కట్టినవాళ్ళు, ప్రేమ పుట్టినా తాపీతోనే చూపిస్తారు. అత్త ఇంటి గోడకు నల్లగా బూజు పట్టిందని, మా చాల్‌లోనే ఉండే మేస్త్రీ మల్లేశ్ మామ నలుగురిని వెంటేసుకొచ్చి గీకించాడు. ఆమె మంచానికి చీర అడ్డం కట్టారు, అంతే. కిటికీ ఎండలో దుమ్ము మెల్లగా తేలుతుంటే అత్త కలలో ఉన్నట్టు చూసింది.

“తమ్మీ, ముంబైల మంచు కురిపిస్తున్నవ్ గదరా!” అంది మల్లేశ్ మామతో.

కొన్నాళ్ళకే జ్వరం తిరగబెట్టింది. దగ్గితే రక్తం. మళ్ళీ ఆసుపత్రి. “ఊపిరితిత్తుల్లో ఫంగస్ పట్టింది. ఇది గాలిలో అంతటా ఉండేదే, మనల్నేమీ చేయదు. వైరస్ దెబ్బతీసినచోట మాత్రం పాతుకుంటుంది. ఆ గోడ దుమ్ము నుంచే వచ్చిందని గట్టిగా చెప్పలేం కానీ, రావచ్చు” అన్నారు డాక్టరమ్మ. నా ప్రశ్నలు పడలేక ల్యాబ్ మేడమ్ మైక్రోస్కోప్‌లో చూపించారు. సన్నటి కాడ, దాని కొసన పూసలు గుచ్చినట్టు ఒక పువ్వు. ఇంత అందమైనది అత్త ప్రాణం తీస్తుందా అనిపించింది.

డాక్టరమ్మ మాటా, నేను చూసిందీ అత్తకు చెప్పాను.

“పువ్వు లెక్కున్నదా? అయితే నేను కుండీనన్నట్టు!” అని నవ్వబోయి దగ్గింది. “మల్లేశ్‌కు చెప్పకు పోరీ. మళ్ళ తాపీ ముట్టడు వాడు.”

“చెప్పకుంటే ఇంకో ఇంట్ల గూడ గిట్లనే గీకుతడు గదా అత్తా!”

అత్త నా చెయ్యి పట్టుకుంది. “పిలువ్. నేనే చెప్త.”

మామ వచ్చాడు. అత్త మాస్కు పక్కకు జరిపింది. “తమ్మీ, గోడ మంచిగైంది. ఇంకోపారి తడిపి గీకు. ఇంట్ల బీమారోళ్ళుంటే ముందు బయటకు తోలు. గా దుమ్ము నాకు పడలే.”

“నేనే చంపుతుంటినా అక్కా?” మామ గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

“చస్తే అడుగు. ఇప్పుడైతే చాయ్ పట్కరా, పో!”

నెలల తరబడి మందులు మింగి అత్త నిలబడింది. ఇప్పుడు వర్లిలో కూతురి దగ్గర ఉంది, మెట్లెక్కితే ఆయాసపడుతుంది. నేను ల్యాబ్ చదువే చదివాను. శిక్షణలో ఎవరి నమూనాలో ఆ పువ్వు కనిపించినా, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళలో ఒక మల్లేశ్ మామ ఉన్నాడేమోనని కళ్ళు వెతుకుతాయి. ఉంటే, ముందు అతణ్ణి కూర్చోబెడతాను.