గత్తర రోజుల మంచి ముచ్చట

డ్యూటీ దిగి ఇంటికి వచ్చేటప్పుడు మా గల్లీ మొదట్లో ఉన్న కిరాణం దుకాణం దాటడమే ఆ వానాకాలం నాకు పెద్ద గండం. దుకాణం శేటు గల్లా మీదుగా సగం బయటికి వంగి, "సిస్టరమ్మా, ఇయ్యాల మంచి ముచ్చట ఏమన్న ఉన్నదా?" అని అడిగేవాడు. సరుకులకు వచ్చినవాళ్లంతా చేతుల్లో సంచులతో అట్లాగే ఆగిపోయేవారు. కాళ్లు పీకుతుండేవి, చీర నిండా ఫినాయిల్ వాసన, పొద్దుటి నుంచి తిన్నదల్లా ఒక బన్ను. ఇంతమందికి పంచడానికి మంచి ముచ్చట్లు నేనేమైనా కొంగున కట్టుకొచ్చానా అని ఒళ్లు మండేది.

డెబ్బయ్యో దశకం చివరి రోజులవి. వరంగల్‌లో ఒక దవాఖానలో నర్సుగా చేసేదాన్ని. ఆ ఏడు వానలకు బావుల్లోకి మురికి నీళ్లు దిగి గత్తర లేచింది. డాక్టర్లు కలరా అనేవారు, రేడియోలో వాంతులు విరేచనాలు అనేవారు, మాకు మాత్రం అది గత్తరే. వార్డులో మంచాలు చాలక వరండాలో చాపలు పరిచాము. సెలైన్ సీసాలను కిటికీ ఊచలకు తాళ్లతో కట్టాము.

గత్తర వార్డులో మంచి ముచ్చటంటే ఏమిటో బయటివాళ్లకు చెప్పడానికి మొదట్లో సిగ్గుపడ్డాను. ఒంట్లో నీరంతా పోయి, కళ్లు లోపలికి పీక్కుపోయి వచ్చిన మనిషికి సెలైన్ ఎక్కిస్తే కాసేపట్లో నాడి దొరుకుతుంది. కళ్లు తెరుస్తాడు, పేరు చెబుతాడు, ఒక్కోసారి నవ్వుతాడు కూడా. వెంట వచ్చినవాళ్లు గండం గడిచిందని దండాలు పెట్టేస్తారు. మాకు మాత్రం మూత్రం వచ్చేదాకా నమ్మకం ఉండదు. అది రాలేదంటే మూత్రపిండాలు ఇంకా తేరుకోలేదన్నమాట. పొద్దున నవ్విన మనిషి సాయంత్రానికి లేకుండా పోవడం నేను చూశాను. అందుకే డ్యూటీ ఎక్కగానే ముందు మంచం కింద మూత్రం పట్టే పాన్ చూసి, తర్వాత మనిషి మొహం చూసేవాళ్లం.

ఒకరోజు విసుగులో శేటుకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. "ఎనుమాముల కెల్లి వచ్చిన కూలీకి ఇయ్యాల ఒంటికి వచ్చింది. గదే మంచి ముచ్చట."

మూత్రం ముచ్చట విని శేటు తక్కెడ పట్టుకుని నోరు తెరిచాడు. తర్వాత్తర్వాత గల్లీ అంతటికీ అది అలవాటైపోయింది. కొంగు తల మీది నుంచి జారనివ్వని ముసలమ్మలు కూడా నన్ను ఆపి, "ఇయ్యాల ఎవరికన్న వచ్చిందా బిడ్డా?" అని అడిగేవారు. వచ్చిన రోజు వచ్చిందన్నాను, రాని రోజు రాలేదన్నాను. రేపటి సంగతి మాత్రం ఎవరు అడిగినా చెప్పలేదు. "రేపటి ముచ్చట నాకెర్క లేదు. నీళ్లు కాగవెట్టి తాగుండ్రి" అని నడిచి పోయేదాన్ని. పొగరుబోతు నర్సని పేరొచ్చింది. ఉండనీ అనుకున్నాను, పొగరుబోతు మాటైనా విని పొయ్యి మీద నీళ్లు పెడుతున్నారు కదా.

అప్పుడు మా చెల్లెకు తగులుకుంది. హసన్‌పర్తిలో బడిపంతులమ్మగా చేసేది, అక్కడ ఏ నీళ్లు తాగిందో ఏమో. గురువారం నాడు రిక్షాలో నా వార్డుకే తీసుకొచ్చారు. వాంతులవుతున్నాయని దారి పొడవునా ఎవరూ ఒక్క గుక్క నీళ్లు పట్టలేదు. చేయి పట్టుకుంటే నాడి దొరకలేదు. రెండు చేతులకూ సెలైన్ పెట్టాము. నా సొంత చెల్లె అని పక్కన కూర్చోవడానికి కూడా తీరిక లేదు, పక్కన ఇంకొకరు వాంతి చేసుకుంటున్నారు.

శుక్రవారం చెల్లె లేచి కూర్చుంది. చాయ కావాలంది. గుమ్మం దగ్గర నిలబడి చూసిన మా అమ్మ ఇంకేమీ వినలేదు. "ఒంటికి రాలేదమ్మా ఇంక, జర ఆగు" అని నేను అంటూనే ఉన్నాను, ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటూ గేటు దాటింది.

మా అమ్మ విశ్వాసం అట్లాంటిది. దేవుడు చేయబోయే దానికి ముందే స్తుతి చెల్లిస్తే ఆయన తప్పక చేస్తాడని ఆమె లెక్క. మా చర్చిలో ఆదివారం ఆరాధనలో కృతజ్ఞతలు చెల్లించే ఆనవాయితీ ఉండేది. రోగం నయమైనవాళ్లు, పరీక్ష పాసైనవాళ్లు బియ్యమో గుమ్మడికాయో కోడో తెచ్చి ముందు పెడితే, అయ్యగారు వాళ్ల సంగతి పైకి చెప్పి అందరితో స్తుతిపాట పాడించేవారు. అమ్మ శనివారమే అయ్యగారి ఇంటికి పోయి చెప్పి వచ్చిందట. అది నాకు తెలియదు.

ఆదివారం పొద్దున వార్డుకు పోయి చెల్లెను చూశాను. మొహం ఉబ్బింది. సెలైన్ ఆపేశారు, ఎక్కించిన నీరు బయటికి పోయే దారి లేదని. గొట్టం వేసి చూస్తే చుక్క రాలేదని డాక్టర్ చెప్పి, నా మొహం చూడకుండా పక్క మంచానికి పోయారు. అక్కడి నుంచి నేరుగా చర్చికి వెళ్లి ఆడవాళ్ల వైపు చాప మీద చివర్న కూలబడ్డాను.

ముందు అమ్మ కూర్చుని ఉంది. బల్ల పక్కన కాళ్లు కట్టేసి ఉన్నది మా ఇంట్లో గుడ్లు పెట్టే కోడి.

"మన సోదరి చిన్న బిడ్డను దేవుడు గత్తరలో నుంచి లేపి స్వస్థపరచినందుకు..." అని అయ్యగారు మొదలుపెట్టారు. చప్పట్లకు చేతులు లేచాయి.

నేను లేచి నిలబడ్డాను. "అయ్యగారూ, జర ఆగుండ్రి. మా చెల్లెకు ఇంక ఒంటికి రాలే."

చర్చిలో ఆ మాట అంతకుముందు ఎవరూ అని ఉండరు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. కోడి రెక్కలు కొట్టుకుంది. ధైర్యంతో లేచానని ఎవరూ అనుకోవద్దు, భయంతో లేచాను. అందరూ కలిసి స్తుతి పాడేశాక చెల్లె పోతే, ఆ పాటను మా అమ్మ బతికినన్నాళ్లు ఎట్లా మోస్తుంది?

అయ్యగారు చేతిలో పుస్తకం మూశారు. "అట్లయితే ప్రార్థన చేద్దాం" అని మోకాళ్ల మీదికి దిగారు. అందరూ దిగారు. ఆరాధన అయ్యాక ఆయన అమ్మతో, "కోడిని తీస్కపోతవా అమ్మా?" అని మెల్లగా అడిగారు.

"ఇచ్చింది ఇచ్చిన్నయ్యా. ఎన్కకు తీస్కోను" అంది అమ్మ. దారి పొడవునా నాకంటే నాలుగడుగులు ముందే నడిచింది. ఇంటి గడప దగ్గర ఆగి, "నలుగురు నా బిడ్డ మంచిగైందనుకుంటే నీకేమొచ్చిందే?" అంది. ఏం చెప్పినా ఆమెకు పట్టదు. ఏడుపొచ్చింది, పోయి మొహం కడుక్కున్నాను.

సోమవారం పొద్దున చెల్లెకు వచ్చింది. కొంచెమే, కషాయం రంగులో. డాక్టర్ నా వైపు చూసి తల ఊపారు. కాసేపు సెలవు అడిగి ఇంటికి పరుగెత్తాను. శేటు ఏదో అడుగుతున్నా ఆగలేదు.

అమ్మ పొయ్యి దగ్గర ఉంది. "అమ్మా, చెల్లెకు ఒంటికి వచ్చింది" అన్నాను.

కేక వేస్తుందనుకున్నాను, స్తోత్రం అంటుందనుకున్నాను. పొయ్యిలో కట్టెను లోపలికి జరిపి, నా వైపు తిరిగి చిన్న గొంతుతో అడిగింది. "రేపు గూడ వస్తదా?"

దేవుడికి ముందే కోడినిచ్చిన మనిషి. ఆ ప్రశ్న ఆమె నోట వచ్చింది. ఆమెకు ఆ భయం పెట్టింది నేనే. ఆ కాలమంతా ఎంతమంది బతిమాలినా ఎవరికీ ఇవ్వని మాట నా నోట్లో నుంచి వచ్చేసింది.

"వస్తదమ్మా. వస్తది."

అప్పుడు ఏడ్చింది. నేను తిరిగి డ్యూటీకి వెళ్లాను గానీ ఆ పూటంతా చెల్లె మంచం వైపు చూడాలంటే భయం. ఆ రాత్రి కన్ను మూయలేదు.

మంగళవారం డ్యూటీ టైముకంటే ముందే పోయాను. చెల్లె నోరు తెరుచుకుని నిద్రపోతోంది. వంగి మంచం కింద పాన్ లాగాను. అంచు దాకా నిండి ఉంది. వార్డు ఆయమ్మ పారబోయడానికి వస్తుంటే వద్దన్నాను. తొణకకుండా రెండు చేతులా పట్టుకుని వరండా దాటాను. కళ్ల నుంచి కారుతున్నది తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.