పసుపు డ్రెస్సు వెనకాల

పోచంపాడ్ డ్యామ్ గేట్లు ఎత్తిన ఆ సాయంత్రం రెండు కొట్టుకుపోయాయి. ఒకటి గోదావరి నీళ్ళు, రెండోది నా పరువు. నీళ్ళు మరుసటేడు మళ్ళీ వచ్చాయి.

ముందే చెబుతున్నాను, ఇందులో నన్ను చూసి జాలిపడే చోట్లు ఏమీ లేవు. వెతకకండి. నవ్వొస్తే నవ్వేయండి. మా ఇంట్లో ఇప్పటికీ అన్నాలు తినేటప్పుడు నవ్వుతూనే ఉన్నారు, మీరొచ్చి కలిస్తే నాకు కొత్తగా పోయేదేమీ లేదు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. మాది బోధన్. డిగ్రీ అయిపోయి డిచ్‌పల్లి యూనివర్సిటీలో ఎం.ఏ. సీటు వచ్చింది. హాస్టల్లో ఉండి చదవాలని నా ఆశ. అయితే నేను మనుషులతో మాట్లాడేది తక్కువ, డైరీతో మాట్లాడేది ఎక్కువ. బస్సు మా స్టాపు దాటిపోతున్నా "ఆపండి" అనలేక తర్వాతి స్టాపులో దిగి, నడిచి ఇంటికొచ్చి, డైరీలో మాత్రం ఆ డ్రైవర్‌ను చెడామడా తిట్టే రకాన్ని. అలాంటి పిల్లను హాస్టల్‌కు పంపాలా వద్దా అని బాపు నెల రోజులుగా ఆలోచిస్తూనే ఉన్నాడు.

ఇక నా శత్రువును పరిచయం చేస్తాను. పేరు లాస్య. వయసు పన్నెండు. మా చిన్నాయన కూతురు. వాళ్ళు నిజామాబాద్‌లో కంఠేశ్వర్ దగ్గర ఉంటారు. ట్యూషన్‌కు ఒక్కతే ఆటో ఎక్కుతుంది, ఆటో అతనితో కిరాయి మీద కొట్లాడుతుంది, గెలిచి దిగుతుంది. ఆ అమ్మాయి ఆటోవాళ్ళతో మాట్లాడినంత ధైర్యంగా నేను మా ఇంటి అద్దంతో కూడా మాట్లాడలేదు. కుళ్ళు అనేది రంగు ఉన్న వస్తువైతే, లాస్య మా ఇంటి గుమ్మం తొక్కిన ప్రతిసారీ నేను పచ్చగా కనబడేదాన్ని.

ఆ దసరా సెలవుల్లో రెండు కుటుంబాలు కలిసి పోచంపాడ్ వెళ్ళాలని నిర్ణయం అయింది. చిన్నాయన స్నేహితుడి ఇల్లు అక్కడ ఖాళీగా ఉంది, రెండు రోజులు ఉండొచ్చు. బయలుదేరే ముందు బాపు నన్ను పిలిచాడు.

"స్వప్నా, గీ రెండు రోజులు ఎవ్వరి కొంగు వట్టుకోకుండ తిరిగి సూపెట్టు బిడ్డా. గప్పుడు హాస్టల్ సంగతి సూద్దాం."

అంటే ఇది విహారయాత్ర కాదు, పరీక్ష. అచ్చులు హల్లులు వచ్చినప్పటి నుంచీ నేను తప్పిన పరీక్ష లేదు కాబట్టి సంతోషంగా ఒప్పుకున్నాను.

పరీక్షకు మొదటి అడ్డంకి మా నాయనమ్మ, అవ్వ. ఊరు వెళ్ళేటప్పుడు పిల్లలు తప్పిపోకుండా అవ్వ ఒక పద్ధతి పెట్టింది. బోధన్ బట్టల దుకాణంలో ఒకటే తానులోంచి అందరు పిల్లలకూ ఒకే రకం డ్రెస్సులు కుట్టించడం. ఏ గుంపులో ఉన్నా ఆ రంగు చూసి ఏరుకోవచ్చు. మా అన్నలూ అక్కలూ పెద్దవాళ్ళై పెళ్ళిళ్ళు చేసుకుని ఆ యూనిఫారం నుంచి విడుదలయ్యారు. మిగిలిన ఖైదీలం ఇద్దరమే, నేనూ లాస్యా. ఆ ఏడు వచ్చిన రంగు పసుపు. మామూలు పసుపు కాదు, దూరం నుంచి చూస్తే కళ్ళు నొప్పి పుట్టేంత పసుపు.

"అవ్వా, నాకు ఇరవై ఏండ్లు. గిది పిల్లలకు కుట్టిస్తరు," అన్నాను.

"పెండ్లయ్యేదాంక పిల్లనే. తొడుక్కో."

"గీ రంగేంది?"

"గిసొంటి రంగు జిల్లాల యాడ దొరకదట. దుకాణపాయన చెప్పిండు. నువ్వు యాడున్నా కనవడ్తవ్!"

దుకాణదారు మాట అవ్వ నమ్మింది. అవ్వను నేను నమ్మాను. గుర్తు పెట్టుకోండి, మొత్తం ముప్పు ఇక్కడే ఉంది.

నేను పసుపు డ్రెస్సు వేసుకున్నాను, కానీ సంచి అడుగున నీలం డ్రెస్సు ఒకటి మడిచి దాచుకున్నాను. దాన్ని వేసుకుని, కళ్ళద్దాలు తీసేస్తే నేను లెక్చరర్‌లా ఉంటానని నా నమ్మకం. కళ్ళద్దాలు తీసేస్తే నాకు అద్దంలో సరిగ్గా కనబడదు కాబట్టి ఆ నమ్మకాన్ని పరీక్షించే వీలు ఎప్పుడూ రాలేదు.

డ్యామ్ మీద ఆ రోజు జనం అంతా ఇంతా కాదు. ఒకపక్క గేట్లలోంచి తెల్లగా దూకుతున్న నీళ్ళు, ఒకపక్క చేపలు వేయిస్తున్న, మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న వాసన, సన్నటి తుంపర, గొడుగులు, పీకలు ఊదే పిల్లలు. మా వాళ్ళు ఒక చోట చాప పరిచి కూర్చున్నారు. చిన్నమ్మ అంది:

"లాస్యా, పోయి అందరికి మక్క కంకులు పట్టుకరా పో."

"నేను పోత," అన్నాను నేను, పరీక్ష గుర్తొచ్చి.

"గా గుంపుల నువ్వా?" అంది అమ్మ, నేను నీళ్ళలో దూకుతానన్నట్టు చూసి. "నువ్వు సంచుల కాడ కూసో."

"మరి లాస్య?"

"అది పోతది. దానికి అడుగుడు అస్తది, తెచ్చుడు అస్తది," అంది చిన్నమ్మ. ఇందులో గర్వం పాలు ఎంతో, నాకు తగలాల్సిన పాలు ఎంతో విడదీయడం కష్టం.

బాపు వెంటనే, "పసిపిల్ల ఒక్కతే పోతాంది, దగ్గర ఫోన్ ఉండాలె. స్వప్నా, నీది ఇయ్యి," అన్నాడు.

చూశారా? స్వాతంత్ర్యం దానికి, ఫోన్ నాది, సంచులు నాకు. నా ఫోన్‌ను మెళ్ళో వేసుకుని, పసుపు డ్రెస్సు ఊపుకుంటూ లాస్య గుంపులో కలిసిపోయింది. సంచుల మధ్య నేను గానుగలో రెండుసార్లు తిప్పిన చెరుకు పిప్పిలా మిగిలాను.

అప్పుడే నాకు ఆ గొప్ప ఆలోచన వచ్చింది. లాస్య వెనకాలే రహస్యంగా వెళ్ళి, అది చేసే తప్పులన్నీ చూసి, వచ్చి అందరిముందూ చెబుతాను. నేను ఎంత బాధ్యత గలదాన్నో అప్పుడు తెలుస్తుంది. ఇంతకంటే చెత్త ఆలోచన నాకు అంతకుముందు రాలేదు, ఆ తర్వాత కూడా రాలేదు.

"బాత్రూముకు పోయొస్త," అని నా సంచి తీసుకుని లేచాను. అక్కడే నీలం డ్రెస్సులోకి మారాను. కళ్ళద్దాలు తీసి సంచిలో వేసుకున్నాను. లెక్చరర్ తయారు.

గుంపులో మసకమసకగా పసుపు రంగు కనబడింది. రెండు జడలు. అదే. వెంట పడ్డాను.

ఏం చెప్పమంటారు! ఆ పిల్ల చేయని తప్పు లేదు. ముందు ఐస్ గోలా తిన్నది. జలుబు! మనసులో రాసుకున్నాను. రెయిలింగ్ మీద కడుపు ఆనించి నీళ్ళలోకి వంగింది. ప్రమాదం! ముక్కూ మొహం తెలియని వాళ్ళ కుక్కపిల్లను ఎత్తుకుంది. రెండో గోలా తిన్నది. ఒక్కో తప్పుకూ నా గుండె సంబరంతో ఎగిరింది. ఒక్క మక్క కంకి కూడా కొనలేదు! ఇంటిల్లిపాదీ ఆకలితో మాడుతుంటే ఇది గోలాలు తింటోంది! ఇక ఆగలేక వెనకనుంచి వెళ్ళి జడ పట్టుకున్నాను.

"దొరికినవ్!"

నా జీవితంలో అంత గట్టిగా అన్న మాట అదొక్కటే.

పిల్ల తిరిగి కెవ్వున అరిచింది. లాస్య కాదు. లాస్యకు ఏ కోశానా పోలిక లేని, ఎర్రటి నాలుకతో ఉన్న వేరే పిల్ల.

"ఏవండీ! ఇలా రండి! ఇందాకట్నుంచీ చూస్తున్నా, ఈ అమ్మాయి మన పాప వెనకాలే తిరుగుతోంది!" అంటూ ఒకావిడ గొడుగుతో సహా వచ్చి పడింది. "ఎవరమ్మా నువ్వు? మా పిల్ల జడెందుకు పట్టుకున్నావ్?"

చెప్పాల్సింది ఒక్క ముక్క, మా చెల్లె అనుకున్నానని. ఆ ముక్క గొంతులో ఎక్కడో కూర్చుని రానంది. జనం మూగారు. మూగేకొద్దీ అది ఇంకా లోపలికి వెళ్ళింది. చివరికి ఒక లేడీ కానిస్టేబుల్ వచ్చి నన్ను పోలీసు టెంటులోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. గొడుగావిడ కూడా కూతుర్ని పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

"నోరు లేదా నీకు?" అంది కానిస్టేబుల్.

"ఉన్నది," అన్నాను. నాకే వినబడలేదు.

సరిగ్గా అప్పుడే నెత్తిమీది మైకు గరగరమంది. డ్యామ్ అవతలి కొసన ఇంకో టెంటు ఉంది, అక్కడినుంచి వస్తోంది ప్రకటన.

"బోధన్ నుంచి వచ్చిన స్వప్న అనే పాప తప్పిపోయింది. పసుపు డ్రెస్సు, కళ్ళద్దాలు. పాప వయసు... ఎంతమ్మా వయసు?"

"పిల్లనే సారూ! ఇంకా పెండ్లి గాలే!"

డ్యామ్ అంతా మారుమోగిన ఆ గొంతు మా అవ్వది. మైకు అందుకున్నట్టుంది.

"స్వప్నా! ఓ బిడ్డా! యాడున్నా ఏడ్వకు! బువ్వ పెడ్తమంటే ఎవ్వల ఎంట పోకు! లాస్య అస్తది, దాని చెయ్యి వట్టుకో!"

జనం పగలబడి నవ్వారు. టెంటులో మాత్రం ఎవరూ నవ్వలేదు.

"పాపం, ఎవల పిల్లనో," అంది కానిస్టేబుల్.

గొడుగావిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "విన్నారా మేడమ్? ఇంకో పిల్ల కూడా పోయిందట. అదీ పసుపు డ్రెస్సే! ఈమె పసుపు డ్రెస్సు పిల్లల్నే పడుతోంది!"

కానిస్టేబుల్ కుర్చీ నా దగ్గరికి జరిపింది. "నిజం చెప్పు. గా స్వప్నను ఏం జేసినవ్?"

నన్ను నేనే ఎత్తుకుపోయానన్న అనుమానం మీద పట్టుబడిన మనిషి ఈ జిల్లాలో ఇంకెవరైనా ఉంటే చెప్పండి, వెళ్ళి పలకరించి వస్తాను.

"నేనే స్వప్న," అన్నాను.

"స్వప్నది పసుపు డ్రెస్సు."

"మార్చుకున్న."

"కండ్లద్దాలు?"

"తీసేసిన."

"ఎందుకు?"

"పెద్దదాని లెక్క కనవడాలని."

అలాంటి కారణం కానిస్టేబుల్ తన ఉద్యోగంలో ఎప్పుడూ విని ఉండదు. ఫోన్ తీసింది. "ఇంట్లవాళ్ళ నంబర్ చెప్పు."

నాకు కంఠతా వచ్చిన నంబరు ప్రపంచంలో ఒకటే. నాదే. చెప్పాను. స్పీకర్‌లో పెట్టి మోగించింది.

"హలో, ఎవరు?" లాస్య గొంతు.

"పోలీస్ టెంటు నుంచి. మీ స్వప్న దొరికింది. ఇంట్ల పెద్దోళ్ళుంటే పంపు."

"పెద్దోళ్ళందరు ఏడుసుకుంట తిరుగుతుండ్రు మేడమ్. నేనే అస్త."

వచ్చింది. ఒక చేతిలో వేడివేడి కంకుల సంచి, మెళ్ళో నా ఫోన్. నేను తనకు పరమ శత్రువునని తెలియని అమాయకపు నవ్వు. టెంటులోకి అడుగుపెట్టి, ఎదురుగా తన డ్రెస్సే వేసుకున్న పిల్లను చూసి ఆగింది. రెండు పసుపు డ్రెస్సులు ఒకదాన్నొకటి కిందికీ పైకీ చూసుకున్నాయి.

"ఆంటీ, మీరు బోధన్ల కొన్నరా?" అంది లాస్య.

"అవునమ్మా, మాది బోధన్ పక్కనే, కాలవ కింద పొలం. ఈ రంగు ఇంకెవరి దగ్గరా ఉండదన్నాడే ఆ దుకాణం అతను!"

"మా అవ్వకు గూడ గదే చెప్పిండు!"

అంతే. నేను గంటసేపు చెప్పలేక చచ్చిన సంగతి ఆ పిల్ల ఒక ప్రశ్నతో తేల్చేసింది. గొడుగావిడ నవ్వడం మొదలుపెట్టి ఆపలేక కళ్ళు తుడుచుకుంది. కానిస్టేబుల్ కూడా నవ్వింది. లాస్య ఇద్దరికీ చెరో కంకి ఇచ్చింది. తర్వాత నా వైపు తిరిగింది.

"చెయ్యి వట్టుకో అక్కా. గుంపున్నది."

పట్టుకున్నాను. ఇరవై ఏళ్ళ లెక్చరర్, పన్నెండేళ్ళ పిల్ల చెయ్యి పట్టుకుని డ్యామ్ ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచింది. దారిపొడుగునా "స్వప్న దొరికిందా?" "గీమేనా పాప?" అని అడిగారు. అందరికీ లాస్యే జవాబు చెప్పింది.

అవ్వ నన్ను చూసి ఏడ్చింది, నీలం డ్రెస్సు చూసి తిట్టింది. బాపు నా చేతిలో కంకి పెట్టి సంచులు లెక్కపెట్టుకున్నాడు. దానికే నాకు భయం వేసింది. కంకులు తింటుండగా అమ్మ మెల్లగా, "ఇగ హాస్టల్ ఏం హాస్టల్ తియ్యి. బస్సుల పోయొస్తది, మీరు బస్సెక్కియ్యుండ్రి," అంది. బాపు తల ఊపబోయాడు. నా కంకి చేతిలోనే చల్లారింది. డిచ్‌పల్లి నా కళ్ళముందే, ఆ నీళ్ళలాగే, దూరంగా వెళ్ళిపోతోంది.

"పెద్దనాయనా," అంది లాస్య, పళ్ళ సందుల్లో గింజ తీసుకుంటూ. "నాకు గూడ మొదలు రాకుండె. ఆటోల వేరేతాన దిగిన, ఏడ్సిన. అయినా మా బాపు తెల్లారి మళ్ళ పంపిండు. అక్కను మీరు ఎన్నడన్న పంపిండ్రా? సంచుల కాడ కూసోవెడితె ఎట్లస్తది?"

బాపు తింటున్న కంకి పక్కన పెట్టాడు. "గదీ నిజమే," అన్నాడు.

నేను సంతోషించి ఉంటానని మీరు అనుకుంటున్నారు. లేదు. ఒళ్ళంతా మండిపోయింది. ఆ మాట అనాల్సింది నేను! నెల రోజులు డైరీలో పేజీలు నింపానే, ఆ ఒక్క మాట నాకెందుకు తట్టలేదు? నా స్వాతంత్ర్యం కోసం వాదించి గెలిచింది కూడా అదే! తెల్లారి దాకా కుళ్ళుతూనే ఉన్నాను, హాస్టల్‌కు తీసుకెళ్ళాల్సిన బట్టలు మనసులో సర్దుకుంటూనే.

హాస్టల్లో చేరే రోజు అందరూ వచ్చారు. నేను కళ్ళద్దాలు పెట్టుకుని, హుందాగా, వార్డెన్ మేడమ్ ముందు నిలబడ్డాను. ఒక వాక్యం కూడా కంఠతా పట్టుకుని వచ్చాను. నేను నోరు తెరిచేలోపు లాస్య ముందుకు వెళ్ళింది.

"మేడమ్, మా అక్కను జర సూస్కోండ్రి. మంచిదే గని, పసుపు డ్రెస్సు కనవడితె ఎనక పోతది."

ఆ రోజు వార్డెన్ మేడమ్ కట్టుకున్న చీర ఏ రంగో మీకు చెప్పక్కర్లేదనుకుంటాను. ఆమె ఒకసారి తన కొంగు చూసుకుని, నన్ను చూసి, ఒక అడుగు వెనక్కి వేసింది.

అందుకే ఇదిగో, గోదావరి నీళ్ళ సాక్షిగా, బోధన్ బట్టల దుకాణాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకెవరి వెనకాలా వెళ్ళను. ఎవరి జడా పట్టుకోను. ఎవరి తప్పులూ లెక్కపెట్టను. లాస్యకు ఇప్పుడు పదహారేళ్ళు, స్నేహితురాళ్ళతో కలిసి పెద్దవాళ్ళెవరూ లేకుండా అరకు వెళుతోందట, నిన్ననే ఫోన్ చేసి చెప్పింది. నాకేమీ కుళ్ళు లేదు. ఏ రంగు డ్రెస్సు వేసుకుంటోందని మాత్రం అడిగాను, అంతే.

అవ్వకు ఫోన్ చేసి ఆ రంగు నాకూ ఒకటి కుట్టించమన్నాను.