మూత తీయలేని మేస్త్రీ

సొంత డబ్బా మూత సొంతంగా తీసుకోలేని వడ్రంగిని మీరెప్పుడైనా చూశారా? లెక్కల మాస్టారు చూశారు. చూడటమే కాదు, ఇంట్లోంచి పంపేశారు కూడా. ఆ తర్వాత రెండేళ్లకు, ఒక ఎండ మధ్యాహ్నం, టైరు పంచరై బస్సు రోడ్డు పక్కకు ఒరిగితే, అందరితో పాటు దిగి టీ కొట్టు రేకు నీడలో నిలబడి ఉండగా, వెనక నుంచి ఆ గొంతే వినిపించింది.

"అమ్మా, ఈ డబ్బా మూత కాస్త తీసి పెడతారా?"

మాస్టారు టీ గ్లాసు నోటి దగ్గరే ఆపారు. వెనక్కి తిరగక్కర్లేదు. ప్రపంచంలో ఈ మాట అడిగే మనిషి ఒక్కడే.

కొట్టుకి తలుపు పెట్టించుకుంటున్న టీ కొట్టావిడ మూతను ఒక్క విదిలింపుతో తీసి, "ఇదేం విడ్డూరమయ్యా! తలుపులు మోసే భుజాలు పెట్టుకుని ఇంత మూత తీయలేవా?" అంది.

"భుజానికి బలం, వేలికి బద్ధకం తల్లీ," అన్నాడతను.

మాస్టారు, మేస్త్రీ అనే ఈ రెండు మాటలూ ఏ దేశాలో తిరిగి తిరిగి మన నోట పడిన ఒక తల్లి బిడ్డలేనని పుస్తకాలు తిరగేసినవాళ్లు అంటారు. ఒకడు సుద్దముక్క పట్టుకున్నాడు, ఒకడు సుత్తి పట్టుకున్నాడు, అంతే తేడా. అన్నదమ్ములు కదా, పోట్లాడుకోవడంలో వింత లేదు. వింతల్లా ఆ పోట్లాట వంటింటి కబోర్డుల గుండీల మీద జరగడమే.

ఆ ఊళ్లో అతన్ని మూత మేస్త్రీ అనేవారు. ఆరడుగుల మనిషి. టేకు తలుపును ఒక భుజాన వేసుకుని మూడంతస్తులు ఈల వేసుకుంటూ ఎక్కేవాడు. కానీ ఏ ఇంటికి పనికి వెళ్లినా, సంచీ దించగానే స్క్రూల డబ్బా బయటికి తీసి ఆ ఇంట్లో వంట చేసే మనిషి చేతికిచ్చేవాడు. "మూత కాస్త తీసి పెడతారా?" వస్తాదు ఇంట్లో అడిగితే ఆ వస్తాదే మధ్యలో అందుకుని, తన బలమంతా చూపించబోయి మూతను తమలపాకులా వంచేశాడట. జడ్జీగారింట్లో అడిగితే ఆయన తీయకుండా, "అసలు ఇందులో ఏముంది?" అని అరగంట విచారణ చేశారట. దర్జీ తాత మాత్రం తీసిచ్చి, "నాయనా, రేపు నీ పళ్లు కూడా మమ్మల్నే తోమమంటావా?" అన్నాడట.

ఇంకో తిక్క కూడా ఉంది అతనికి. పని అవగానే సంచీ సర్దుకుని వెళ్లిపోతాడు తప్ప "వస్తాను" అనడు. ఒకావిడ నిలదీస్తే చెప్పాడు: "నేను రావాలంటే మీ ఇంట్లో ఏదో ఒకటి ఊడాలి కదమ్మా. నా నోటితో అదెందుకనాలి?"

ఇలాంటివాణ్ని మాస్టారు పనికి పిలిచారు. ఉద్యోగం నుంచి రిటైరైన కొత్త. చేతిలో డబ్బు పరిమితం, చేతి నిండా తీరిక. వంటింట్లో కబోర్డుల ప్లైవుడ్ డబ్బాలు గట్టిగానే ఉన్నాయి, ముఖాలే మాసిపోయాయి. కాబట్టి డబ్బాలు పాతవే ఉంచి, తలుపులు గీకి, లప్పం పెట్టి, రంగేసి, పిడులు మారిస్తే చాలునని లెక్క తేల్చారు. లెక్క తప్పు కాదు. ఆయన లెక్కలెప్పుడూ తప్పు కావు. అదే ఆయన బాధ.

మొదటి రోజే మేస్త్రీ డబ్బా తీసి మాస్టారి భార్యకిచ్చాడు. మాస్టారు ముందు గదిలో రంగుల కార్డు పరుచుకుని, పొగమంచుకీ బూడిదకీ మధ్య తేడా వెతుకుతున్నారు. ఆవిడ మూత తిప్పింది. రాలేదు. చీర కొంగుతో పట్టుకుని తిప్పింది. రాలేదు.

"చేతులు తడిగా ఉన్నాయి బాబూ," అందావిడ.

"అవునమ్మా, ఈ వేళ మూత మొండికేసింది," అన్నాడు మేస్త్రీ వెంటనే.

మాస్టారు లేచి వచ్చి రెండు వేళ్లతో మూత తీసి, గొప్పగా నవ్వి, "నీకూ ఇతనికీ బలంలో పందెం పెడితే ఇద్దరూ ఓడిపోతారే!" అన్నారు.

ఆవిడా నవ్వింది. మేస్త్రీ మాత్రం నవ్వలేదు. ఆ రోజు మాస్టారికి ఆ సంగతి పట్టలేదు. పట్టి ఉంటే ఈ కథే లేదు.

రంగు దగ్గర మొదటి పేచీ వచ్చింది. మేస్త్రీ నాలుగు అట్టముక్కలకు నాలుగు రంగులు పూసి పొయ్యి పక్కన గోడకు అతికించి, "నాలుగు రోజులు చూడండమ్మా. పొద్దున ఒక రంగు, మధ్యాహ్నం ఒక రంగు. కార్డు మీద నచ్చింది గోడ మీద నచ్చదు," అన్నాడు. ఆవిడ ప్రతి పూటా చూసి, మూడో రోజున లేత చిగురు రంగు అట్టను వేలితో చూపించింది.

"మరకలు కనిపిస్తాయి," అన్నారు మాస్టారు. అంతటా బూడిద రంగు పడింది.

తలుపులు ఆరాయి. మాస్టారు ఒక పొట్లం విప్పారు. గోళీకాయలంత గుండ్రటి స్టీలు నాబులు, పద్దెనిమిది. తగ్గింపు ధరలో దొరికాయని కళ్లు మెరిశాయి.

మేస్త్రీ ఒకటి తీసి వేళ్ల మధ్య దొర్లించాడు. "మాస్టారూ, ఈ గుండీలొద్దండి."

"గుండీలేమిటి? నాబులు!"

"చొక్కాకైతే బాగుంటాయండి. తలుపుకి పొడుగు పిడులు పెడతాను. నాలుగు వేళ్లూ లోపలికి దూరి లాగేలా. నేనే చెక్కుతాను, చెక్కముక్కలు నా దగ్గరున్నాయి."

"నాబుకి ఒక రంధ్రం చాలు. పాత రంధ్రం ఉండనే ఉంది. నీ పిడికి రెండు కావాలి. రంగేసిన తలుపుకి ఇంకో చిల్లెందుకు?"

"రెండు చుక్కలుంటేనే కదండీ గీత పడేది."

ముప్పై నాలుగేళ్లు జామెట్రీ చెప్పిన మనిషికి ఆ మాట చెవిలో సీసం పోసినట్టయింది. "నాకు గీతలు నేర్పుతావా? తన డబ్బా మూత తీసుకోలేనివాడు నా ఇంటి తలుపులకి పిడులు నిర్ణయిస్తాడా?"

"ఈ వంటింట్లో రోజూ తలుపులు తీసేది మీరాండీ?"

అంతే. మాస్టారు వీధి గుమ్మం చూపించారు. మేస్త్రీ ఒక్కసారి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ చేతులు రెండూ కొంగులో చుట్టుకుని, "ఆయన ఇష్టమేలే బాబూ," అంది. మేస్త్రీ సంచీ సర్దుకున్నాడు. వస్తానని అనలేదు. ఆ రోజు మాత్రం ఇద్దరూ దాన్ని కోపమనుకున్నారు.

వెళ్లేముందు అతను ఒక పని చేశాడని మాస్టారు తర్వాత గమనించారు. ప్రతి తలుపు లోపలి వైపు, పాత రంధ్రానికి సరిగ్గా కింద, పెన్సిల్‌తో ఒక చుక్క. పద్దెనిమిది చుక్కలు. రబ్బరు పెట్టి చెరిపేద్దామనుకున్నారు. బద్ధకించారు. జీవితంలో మాస్టారు బద్ధకించి చేసిన మంచి పని అదొక్కటే.

నాబులు మాస్టారే బిగించారు. వరసగా, తళతళా, పరేడ్‌లో సిపాయిల్లా నిలబడ్డాయి. ఆ తర్వాత ఒక కొత్త చిక్కు మొదలైంది. వంటింటి తలుపులు ఎప్పుడూ ఓరగా తెరిచే ఉండేవి. మాస్టారి నుదురు పై అర తలుపుకి వారానికొకసారి తగిలేది.

"తలుపు వేయడం ఎంతసేపే?"

"మర్చిపోయానండీ."

"రోజూ మర్చిపోతారా ఎవరైనా?"

"వయసు కదండీ."

అలా రెండేళ్లు. వారానికొక బొప్పి, బొప్పికొక చీవాటు. గుణిస్తే ఎంతో మాస్టారికి తెలుసు. ఇప్పుడు గుణించే ధైర్యమే లేదు.

ఒకరోజు కరెంటాఫీసు మూసి ఉండటంతో ఆయన అనుకున్నదానికంటే గంట ముందు ఇంటికొచ్చారు. వంటింట్లో పద్దెనిమిది నాబులకూ గుడ్డ ఉంగరాలు వేలాడుతున్నాయి. తన పాత చొక్కాల అంచులే! ఆవిడ మణికట్టును ఒక ఉంగరంలోకి దూర్చి తలుపు లాగుతోంది. ఆయన్ని చూసి గబగబా ఉంగరాలు తీసేయబోయింది. కానీ ఆ వేళ్లకు గబగబా ఎక్కడుంది?

"ఇదేమిటి?"

"తుడవడానికండీ."

ఆయన ఆమె చేతులు చూడబోతే, ఇంటిలెక్కలు చేయని పిల్లలా వెనక్కి దాచుకుంది. డాక్టరు చూసి, వేళ్ల కీళ్లు బిగుసుకుపోతున్నాయనీ, ఇది మూడేళ్ల నాటి మాటనీ అన్నాడు. మాస్టారు అక్కడే కూర్చుని మూడులోంచి రెండు తీసేశారు. ఒకటి మిగిలింది. అంటే మేస్త్రీ వచ్చిన రోజుకే ఆ నొప్పికి ఏడాది. ఆ ఏడాదీ తన కళ్లెదుటే గడిచింది. పరాయివాడికి మాత్రం ఒక్క మూత సరిపోయింది.

అప్పటి నుంచి ఆరు వారాలుగా మాస్టారు మేస్త్రీ కోసం తిరుగుతున్నారు. పాత ఇంటికి తాళం. ఒకరు ఈ ఊరన్నారు, ఒకరు ఆ ఊరన్నారు. కావాలనుకుని వెళ్లిన నాలుగు ఊళ్లలో దొరకని మనిషి, టైరు పంచరైన చోట దొరికాడు. ప్రయాణాల మర్యాద అలాంటిది. మనం అడిగిన చోట ఇవ్వవు, ఆగిన చోట ఇస్తాయి.

మాస్టారు ఇప్పుడు తిరిగారు. మేస్త్రీ గుర్తుపట్టాడు. నమస్కారం కూడా మర్చిపోయి అడిగాడు:

"అమ్మగారి చేతులెలా ఉన్నాయండీ?"

మాస్టారు టీ గ్లాసు బల్ల మీద పెట్టేశారు. "నీకు తెలుసన్నమాట."

"తెలుసండి."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"తడిచేతులని అమ్మగారన్నారు కదండీ. ఆవిడ ఇంట్లో నిలబడి ఆవిడ మాట అబద్ధమని నేనెలా అంటాను? పిడి సంగతి చెప్పాను. నాకు చేతనైంది అదే."

"సరిగ్గా చెప్పలేదు నువ్వు."

"సరిగ్గా వినలేదు మీరు," అని, వెంటనే నాలుక కరుచుకుని, "ఏమనుకోకండి" అన్నాడు.

"అనుకోవడానికేముంది? నిజమే కదా." మాస్టారు అతని చేతిలోని డబ్బా చూసి అడిగారు: "ఈ డబ్బా గోలంతా ఇందుకేనా?"

"నోటితో అడిగితే ఎవరు చెబుతారండీ? 'చేతులు నొప్పా?' అంటే 'నాకేం, రాయిలా ఉన్నాను' అంటారు. మూత మొహమాటపడదు. ఎవరు అరచేత్తో తిప్పుతారో, ఎవరికి బొటనవేలు వంగదో, ఎవరిది ఎడమచేతి వాటమో అదే చెబుతుంది. దాన్ని బట్టి పిడి."

"ఊరంతా నిన్ను చూసి నవ్వుతారు కదయ్యా!"

"నన్ను చూసి నవ్వితే ఏముందండీ. వాళ్లు ఒప్పుకోకుండానే పని అయిపోతుంది."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. దుమ్ము రోడ్డు, తుడుచుకోవడానికి కారణం వెతకక్కర్లేదు. "పిడులు చేయించుకోవాలి. ఎన్నాళ్లు పడుతుంది?"

"చేసే ఉన్నాయండి, పద్దెనిమిదీ. అప్పుడే చెక్కాను. ఆ చేతికని చేసినవి ఇంకో ఇంట్లో ఎలా పెడతాను?"

ఆ గురువారం మేస్త్రీ వచ్చాడు. మాస్టారే ఎదురెళ్లి సంచీ అందుకున్నారు. నాబులు ఊడదీసి పొట్లం కట్టారు. డ్రిల్లు పెట్టడానికి కొలతలేవీ అక్కర్లేకపోయింది. పెన్సిల్ చుక్కలు ఎదురుచూస్తూనే ఉన్నాయి. మాస్టారు ప్రతి తలుపూ పట్టుకుని నిలబడి, రెండో రంధ్రం పడుతుంటే పొట్టు తన చొక్కా మీద రాలనిచ్చారు.

"కింది తలుపులకైనా రంగు మార్చకూడదూ?" అన్నారు ఉన్నట్టుండి. "ఆ చిగురు రంగు పేరేదో ఉండాలి."

ఆవిడ కింది అర తెరిచి, గిన్నెల కింద పరిచిన అట్టముక్కను లాగి చూపించింది. రెండేళ్ల కిందటి చిగురు రంగు. "మరకలు కనిపిస్తాయేమోనండీ," అంది.

"కనిపించనీ. కనిపిస్తే కదా తుడిచేది. నేను తుడుస్తాలే."

రంగు ఆరిన రోజున ఆవిడ వంటింట్లో నిలబడి నాలుగు వేళ్లూ పిడిలోకి దూర్చి ఒక తలుపు లాగింది. వచ్చింది. వేసింది. పక్కది లాగింది. వేసింది. పద్దెనిమిదీ అలా తీసి వేసింది. తలుపులు పడుతున్న ఆ చిన్న చప్పుడు ఈ ఇంట్లో రెండేళ్లుగా లేదని మాస్టారికి అప్పుడే తట్టింది. తను ఆ నిశ్శబ్దాన్ని మతిమరుపని పిలిచారు.

మేస్త్రీ మిగిలిన స్క్రూలు గుప్పిట్లో పోగుచేసి, డబ్బా ఆవిడ ముందుకు చాపాడు. "అమ్మా, ఈ మూత కాస్త తీసి పెడతారా?"

ఆవిడ డబ్బా వైపు చూసింది. మాస్టారి వైపు చూసింది. కొంగు వదిలేసి రెండు చేతులూ బయటికి తీసింది.

"నా వల్ల కాదయ్యా," అంది. "వేళ్లు నొప్పి."

మూడేళ్లుగా మాస్టారు అడగాల్సిన ప్రశ్నకు జవాబు అది. అడిగినవాడు మేస్త్రీ అయ్యాడు. మాస్టారు తల వంచుకున్నారు.

"అలాగేనమ్మా," అన్నాడు మేస్త్రీ. బొటనవేలితో మూత అంచును చిన్నగా ఒక్క తిప్పు తిప్పాడు. మూత గిర్రున ఊడి అతని అరచేతిలో పడింది.

"ఓరి నీ దుంప తెగ! నీకొచ్చా?" అన్నారు మాస్టారు.

ఆవిడ పకపకా నవ్వింది. మేస్త్రీ స్క్రూలు డబ్బాలో పోసి, మూత బిగించి, సంచీ భుజానికెత్తుకుని, మెట్లు దిగాడు.

"వస్తానని చెప్పి వెళ్లవేమయ్యా!" అని ఆవిడ గుమ్మంలోంచి కేకేసింది.

అతను వెనక్కి తిరగలేదు. డబ్బా పట్టుకున్న చెయ్యి పైకెత్తి ఒకసారి గలగలలాడించి, మలుపు తిరిగిపోయాడు.