పుస్తకం వెనక మా అమ్మాయి రాసిన మాట

ఏదో తేడాగా ఉందని ముందు కనిపెట్టింది నేను కాదు, డాక్టరూ కాదు. మా ఊరి టైలరు నాగమణిగారు. క్రిస్మస్‌కి క్వైర్‌లో పాడే ఆడపిల్లలందరికీ కాలర్ ఉన్న తెల్ల డ్రెస్సులు ఆవిడే కుడతారు. డిసెంబరు మొదటి వారంలో మా కెజియా డ్రెస్సు వేసి చూస్తుంటే పై బొత్తాం పట్టలేదు. ఆవిడ టేపు తీసి మళ్ళీ కొలిచారు. "ఒళ్ళంతా తగ్గిందండి టీచరుగారూ. మెడ మాత్రం పెరిగిందండి. నేను కొలత తప్పు రాసుకోలేదండి," అన్నారు.

నేను రాజోలు దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. తప్పులు పట్టడమే నా ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా పిల్లల నోటుపుస్తకాల్లో తప్పులు పడుతున్నదాన్ని, రోజూ నా ఎదురుగా కూర్చుని అన్నం తినే పిల్ల మెడ మీద వాపు చూడలేదు. కెజియాకి అప్పుడు పదిహేడేళ్ళు, ఇంటర్ రెండో సంవత్సరం. చదువు ఒత్తిడికి చిక్కిపోతోందనుకున్నాను. పడుకుంటే దిండు తడిసేలా చెమటలు పడుతున్నాయంటే ఫ్యాను పెంచుకోమన్నాను.

అమలాపురంలో డాక్టరు పది రోజులు యాంటీబయాటిక్స్ ఇచ్చారు. గడ్డ తగ్గలేదు. సూదితో నీరు తీసి పరీక్ష చేశారు. "టీబీ కావచ్చు, ఇంకోటి కావచ్చు. బయాప్సీ చేస్తే గాని చెప్పలేనండి," అన్నారు. ఆ ఇంకోటి ఏమిటని నేను అడగలేదు. మా ఆయన కూడా అడగలేదు. ఇద్దరం టీబీ అయితే బాగుణ్ణు అని ప్రార్థన చేసుకున్నాం. బిడ్డకి టీబీ రావాలని కోరుకునే రోజొకటి వస్తుందని ఎవరనుకుంటారు?

కాకినాడలో బయాప్సీ అయింది. వారం తరవాత అక్కడి క్యాన్సర్ డాక్టరుగారు రిపోర్టు చూసి, కెజియానే చూస్తూ చెప్పారు. "దీన్ని హాడ్జ్‌కిన్ లింఫోమా అంటారమ్మా. క్యాన్సరే. కాని బాగా నయమయ్యే వాటిలో ఒకటి. ఆరు సైకిల్స్ కీమో, పదిహేను రోజులకొకటి చొప్పున పన్నెండుసార్లు రావాలి. మధ్యలో మానకూడదు." కెజియా తలూపి, "మార్చిలో పరీక్షలు రాయొచ్చాండీ?" అని అడిగింది. ఆయన, "వచ్చే ఏడు రాద్దాం," అన్నారు. కెజియా అక్కడ ఏడవలేదు. గోదావరి మీద ఎదుర్లంక వంతెన దాటాక బస్సులో ఏడ్చింది.

కీమో ఎలా ఉంటుందో పడినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. రెండోసారికే జుట్టు రాలిపోయింది. నోట్లో పుళ్ళు. ఎర్ర మందు ఎక్కించిన రోజు నుంచి ఎర్రటి పానకం చూసినా వాంతి చేసుకునేది. మా చర్చి సంఘం స్త్రీలు ప్రతి శుక్రవారం దాని కోసం ఉపవాస ప్రార్థన పెట్టారు. డెబ్బై దాటిన ముసలమ్మలు కూడా పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా సాయంత్రం దాకా మోకరించారు. ఆ ఋణం మాటల్లో తీరేది కాదు.

నాలుగో కీమో తరవాత విశాఖపట్నంలో పెట్ స్కాన్ తీయించాం. డాక్టరుగారు నవ్వారు. "నెగటివ్ వచ్చింది. మందు బాగా పనిచేస్తోంది. కాని ఇంకా నాలుగు సైకిల్స్ ఉన్నాయి. అయిపోయిందనుకోకండి, ఎవరితోనూ అనకండి." నేను మొదటి మాట విన్నాను. మిగతావి చెవిన పడ్డాయి, అంతే.

ఆ ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పాను. మా దగ్గర అది ఆనవాయితీ. మేలు జరిగితే పదిమందిలో లేచి చెప్పాలి, లేకపోతే ఆ మేలు మింగేసినట్టే. "నా బిడ్డకి పూర్తి స్వస్థత దొరికింది. స్కానులో ఏమీ లేదు," అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆరాధన అయ్యాక ముసలమ్మలందరూ కెజియా చేతులు పట్టుకుని ఏడ్చారు. అది తలకి స్కార్ఫ్ కట్టుకుని అందరికీ నవ్వుతూ నిలబడింది. ఆ నవ్వు చూసి నాకు కడుపు నిండిపోయింది.

అసలు తప్పు ఆ తరవాత చేశాను. ఒళ్ళు నొప్పులన్నా, నీరసంగా ఉందన్నా, "సాక్ష్యం చెప్పుకున్నాం కదమ్మా, అలా అనకూడదు," అనేదాన్ని. గట్టిగా కూడా కాదు, ముద్దుగానే. రెండు మూడుసార్లు విన్నాక అది ఏమీ అనడం మానేసింది. నేను దాన్ని కోలుకోవడం అనుకున్నాను.

కీమో ఎక్కించే డే కేర్ గదిలో ఒక సిస్టర్ చిన్న పుస్తకాల అర పెట్టింది. ప్రతి పుస్తకం చివర నాలుగు తెల్ల కాగితాలు అంటించి, "చదివినవారు ఒక మాట రాయండి" అని పైన రాసింది. ఆరో కీమో రోజున కెజియా అందులోంచి ఒక నవల ఇంటికి తెచ్చుకుంది. దాని ఈడు పిల్లల కోసం రాసిన నవల. చనిపోయిన పిల్లలు చేరే ఒక ఊరి కథ. ఆ ఊళ్ళో అద్దాలుండవు. ఎవరి ముఖం ఎలా ఉందో పక్కవాళ్ళే చెప్పాలి. అబద్ధం చెబితే చెప్పినవాళ్ళ గొంతు కొంచెం కొంచెంగా పోతుంది. చివరికి ఒక అమ్మాయికి ఇంటికి ఒకే ఒక్క మాట పంపే అవకాశం వస్తుంది. ఏం పంపిందో చెప్పకుండానే కథ అయిపోతుంది.

ఇదంతా తరవాత చదివి తెలుసుకున్నాను. ఆ రోజు వెనక అట్ట చూసేసరికే నాకు ఒళ్ళు మండింది. బతకడానికి మందు తీసుకుంటున్న పిల్లకి చచ్చినవాళ్ళ కథా? చివరి కాగితాలు తిప్పాను. రకరకాల చేతిరాతలు. "ఆ అమ్మాయి ఏం చెప్పిందో రాయకపోవడం అన్యాయం," అని ఒకరు రాశారు. దాని కింద ఇంకెవరో, "బీరువా తాళం ఎక్కడుందో చెప్పి ఉంటుంది. మా ఆయన అదే చెప్పకుండా వెళ్ళిపోయారు," అని రాశారు. "నా భార్య సగం చదివింది. మిగతా సగం నేను చదివి వినిపించాను. ఆమెకు నచ్చింది." "అక్కడ వాంతులుండవని ఒక్క ముక్క రాస్తే బాగుండేది." "పిల్లల పుస్తకమని తీసుకున్నాను. నాకు అరవై ఒకటి. రెండుసార్లు చదివాను."

నేను ఎర్ర పెన్ను తీశాను. "ఇది దేవుని వాక్యానికి విరుద్ధం. చావును అందంగా చూపించే పుస్తకాలు జబ్బుతో ఉన్న పిల్లల చేతికి ఇవ్వకూడదు. బాధ్యులు గమనించగలరు. ఒక తల్లి," అని రాశాను. వచ్చేసారి వెళ్ళినప్పుడు తిరిగిచ్చెయ్యమని కెజియాకి చెప్పాను. "అలాగేనమ్మా," అంది.

ఏడో కీమోకి ముందు రోజు సాయంత్రం బ్యాగు సర్దుతున్నాను. పుస్తకం లోపల పెట్టబోతూ, నేను రాసింది ఎలా ఉందో మళ్ళీ చూసుకోవాలనిపించింది. టీచరు బుద్ధి. నా ఎర్ర అక్షరాల కింద పెన్సిలుతో కెజియా రాత ఉంది.

"ఈ నవలలో నాకు నచ్చింది, ఆ ఊళ్ళో ముఖం బాగా లేకపోతే బాగా లేదనే చెప్తారు. మా ఇంట్లో నేను బాగానే ఉన్నాను. మూడు రోజుల నుంచి సాయంత్రం జ్వరం వస్తోంది. నిన్న చలి కూడా వచ్చింది. అమ్మ చర్చిలో సాక్ష్యం చెప్పేసింది. ఇప్పుడు నాకేదైనా అయితే అమ్మ అబద్ధం చెప్పినట్టు అవుతుంది. ఇది చదివేవాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పలేదు."

పక్క గదిలోకి పరుగెత్తాను. మే నెల ఉక్కలో దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నుదురు కాలిపోతోంది. థర్మామీటరు పెడితే నూట రెండు దాటింది.

"ఎందుకు చెప్పలేదే?"

"నాకు తగ్గిపోయిందని నువ్వే చెప్పేవుగా," అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

హాస్పిటల్‌కి ఫోన్ చేశాను. డ్యూటీ డాక్టరు, "మూడు రోజులా? ఇప్పుడే బయలుదేరండి, దారిలో ఎక్కడా ఆగకండి," అన్నారు. కారులో కెజియా తల నా ఒళ్ళో ఉంది. మా ఆయన ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరగకుండా, "ఊపిరి తీస్తోందా? తీస్తోందా?" అని అడుగుతూనే ఉన్నారు.

తెల్ల రక్తకణాల కౌంట్స్ అట్టడుగుకి పడిపోయాయి. న్యూట్రోపీనియా, దాని మీద ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకి సెప్సిస్ మొదలైందన్నారు. బీపీ నిలవడం లేదని ఐసీయూలోకి తీసుకెళ్ళారు. డాక్టరుగారు బయటికి వచ్చి, "క్యాన్సర్ కాదమ్మా ఇప్పుడు భయం, ఇన్‌ఫెక్షన్. మొదటిరోజే తీసుకొస్తే వార్డులోనే తగ్గేది. ఎందుకు ఆగేరు?" అని అడిగారు. నా దగ్గర జవాబుంది. పుస్తకం వెనక పెన్సిలుతో రాసి ఉంది.

ఐసీయూ బయట కుర్చీల్లో నాలుగు రోజులు కూర్చున్నాను. బ్యాగులో బైబిలుతో పాటు ఆ నవల కూడా ఉంది. మొదటి రోజు దాన్ని ముట్టుకోలేదు. రెండో రోజు చదవడం మొదలుపెట్టాను. నేనిప్పటికీ పునరుత్థానాన్నే నమ్ముతాను, ఆ ఊరిని కాదు. కాని ఆ అమ్మాయి ఇంటికి ఏం చెప్పాలో తేల్చుకోలేక కూర్చున్న చోట పుస్తకం మూసి ఏడ్చాను. నా కూతురు బతికుండగానే ఇంట్లో నోరు విప్పే వీలు లేక, ముక్కూ మొహం తెలియనివాళ్ళకి చెప్పుకుంది.

మూడో రోజు కళ్ళు తెరిచింది. లోపలికి ఐదు నిమిషాలు పంపారు. "అమ్మా, చర్చిలో ఏమంటున్నారు?" అదే దాని మొదటి మాట.

"నా సాక్ష్యం నిలబెట్టడానికి నువ్వు బాగుండక్కర్లేదమ్మా. తప్పు నాది. వెళ్ళి చెప్పేస్తాను," అన్నాను. అది నా వేళ్ళు పట్టుకుని కాసేపు వదల్లేదు.

వార్డుకి మార్చాక, ఆదివారం మా ఆయన్ని దాని దగ్గర ఉంచి ఊరికొచ్చాను. ఆరాధనలో లేచి నిలబడ్డాను. "నేను తొందరపడి సాక్ష్యం చెప్పాను. వైద్యం సగమే అయింది. డాక్టరుగారు చెప్పొద్దన్నారు. నా మాట పోతుందని నా బిడ్డ జ్వరం దాచుకుంది. చావు దాకా వెళ్ళింది," అన్నాను. స్త్రీల సమాజం పెద్దావిడ లేచి, "అవి అపనమ్మకం మాటలండి టీచరుగారూ," అంది. మా పాస్టరు అయ్యగారు పుల్పిట్ దిగి నా దగ్గరికి వచ్చారు. "ఆయ్, చెప్పనివ్వండి. చప్పట్లు కొట్టిన చేతులు నావి కూడానండి. డాక్టరుగారేమన్నారని నేనూ అడగలేదు," అని నా పక్కనే నిలబడిపోయారు. సంఘమంతటి ముందు అలా అన్నందుకు ఆయనకి నేను జీవితాంతం ఋణపడి ఉంటాను.

మూడు వారాలు ఆలస్యంగా ఏడో కీమో మొదలైంది. పుస్తకం తిరిగిచ్చే ముందు ఆ పేజీ చింపేస్తానన్నాను. "ఉంచమ్మా," అంది కెజియా. అందుకని దాని రాత కింద నేను ఇంకో మాట రాశాను: "తల్లికి తెలిసింది. పాప బతికింది. ఈ పుస్తకం మీద నా అభిప్రాయం ఇంకా తేలలేదు." ఆగస్టులో వెళ్ళేసరికి కింద ఇంకా కొన్ని రాతలు చేరాయి. "అమ్మాయీ, ఇప్పుడెలా ఉంది?" అని ఒకరు. "నాకూ నొప్పి ఉందని ఇవాళ మా అబ్బాయికి చెప్పేను," అని ఇంకొకరు. కెజియా ఒక్కొక్కరికీ జవాబు రాసింది. సెలైన్ ఎక్కుతున్న చెయ్యి కాకుండా రెండో చేత్తో, వంకరటింకరగా.

పన్నెండూ పూర్తయ్యాయి. చివరి స్కానూ బాగానే వచ్చింది. "స్కానులో జబ్బు కనబడకపోతే రెమిషన్ అంటాం. నయమైందనడానికి ఐదేళ్ళు ఆగుదాం," అన్నారు డాక్టరుగారు. ఈసారి రెండు వాక్యాలూ విన్నాను. చర్చిలో ఎవరైనా అడిగితే కెజియానే చెప్పుకుంటోంది, తనకి ఇష్టమైనప్పుడు, ఇష్టమైనంత. ఆ మరుసటి ఏడు పరీక్షలు రాసి, ఇప్పుడు అమలాపురంలో డిగ్రీ చదువుతోంది. మూడు నెలలకోసారి చెకప్‌కి వెళ్తున్నాం.

ఇంట్లో కీమో తీసుకుంటున్నవాళ్ళుంటే నాదొక్కటే సలహా. పొద్దునా సాయంత్రం థర్మామీటరు పెట్టండి, అంకె కాగితం మీద రాయండి. నూటొకటి దాకా ఆగకండి, నూరు దాటి కొంచెం పెరుగుతోందంటే చాలు, హాస్పిటల్‌కి ఫోన్ చెయ్యండి. "ఎలా ఉందమ్మా" అని అడిగితే పిల్లలు మన మొహం చూసి జవాబు చెబుతారు. థర్మామీటరు మన మొహం చూడదు.

పోయిన నెల ఒక భయం వచ్చి వెళ్ళింది. కండరం పట్టేసిందని ఎక్స్‌రే తీశాక తేలింది. ఆ రోజు పొద్దున్న నేను స్కూలుకి బయలుదేరుతుంటే కెజియా వంటింట్లోంచి వచ్చి, "అమ్మా, దగ్గితే ఎడమ పక్క నొప్పొస్తోంది. నాకు భయంగా ఉంది," అంది. ధైర్యం చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచి, "నాకూ భయంగానే ఉందమ్మా," అన్నాను. స్కూలుకి సెలవు పెట్టి, ఇద్దరం కాకినాడ బస్సెక్కాం.