లోపల ఎవరండీ?

మా వదినకి పాట రాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే నేను చెప్పబోయేదంతా విని ఆవిడేదో పెద్ద గాయని అనుకుంటారు. గొంతు బొంగురు, శ్రుతికీ ఆమెకీ చుక్కెదురు. వంటింట్లో ఎప్పుడైనా కూనిరాగం తీసిందంటే మా అన్నయ్య ముందుగదిలోంచి, "స్టేషను సరిగ్గా తగల్లేదే, కాస్త తిప్పు!" అని కేకేసేవాడు. కానీ చేతుల్లో మాత్రం తాళం ఉంది. వాళ్ళ నాన్న బ్యాండుమేళంలో డ్రమ్ము వాయించేవాడట. కూతురికి గొంతు ఇవ్వలేకపోయినా చేతులిచ్చాడు. ఆవిడ గిన్నె మీద మూత పెట్టినా అందులో ఒక దరువుండేది.

మేమిద్దరం ఒకే బళ్ళో టీచర్లం. మూడో తరగతి ఆమెది, నాలుగో తరగతి నాది. మా రెండు గదులకీ మధ్య గోడ కట్టలేదు, చెక్కలు అడ్డం కొట్టి దాన్నే గోడ అనుకోమన్నారు. ఆమె గదిలో చీమ చిటుక్కుమన్నా నాకు వినపడేది. చీమ ఒక్కటే అయితే ఏ గొడవా లేకపోను! రోజూ ఎక్కాల వేళకి గది గదంతా కలిసి బల్లలు బాదేది.

అదొక ఆట. ఆమే కట్టింది. గదిలో బెంచీలు రెండు వరసలు. కిటికీ వైపు ఒకటి, నా చెక్కగోడ వైపు ఒకటి. కిటికీ వైపు పిల్లలు ఇంటికొచ్చిన చుట్టాలు. గోడ వైపు పిల్లలు ఇంట్లోవాళ్ళు. చుట్టాలు బల్ల మీద టక్ టక్ టక్ మని కొట్టి, "ఏడు ఎనిమిదులొచ్చామండీ, లోపల ఎవరండీ?" అని పాడాలి. ఇంట్లోవాళ్ళు తలుపు తీస్తున్నట్టు చేతులు బార్లా చాపి, "యాభై ఆరు ఉన్నామండీ, లోపలికి రండి!" అనాలి. పలకల మీద కూడా అదే ఆట. కిటికీవాళ్ళు లెక్క రాసి పలక అందిస్తే, గోడవాళ్ళు జవాబు రాసి తిరిగి ఇచ్చేవారు. అంతకుముందు ఎక్కాలంటే కడుపునొప్పి తెచ్చుకునే పిల్లలు, ఆ గంట ఎప్పుడు కొడతారా అని చూసేవారు. నాకు మాత్రం చెవులు చిల్లులు పడేవి.

"వదినా, మీ చుట్టాలు రోజూ రావాలా? ఒక్కరోజు ఊరెళ్ళమని చెప్పవూ?" అనేదాన్ని.

"నీకు కుళ్ళు. మీ ఇంటికి ఎవరూ రారని," అనేది.

ఆ కిటికీ వరసలో ఒక పిల్ల ఉండేది. ఒంటికి రెండింతల గౌను, కళ్ళు తప్ప మొహంలో ఏమీ కనపడేది కాదు. రెండేళ్ళు మా బళ్ళో చదివినా ఒక్క మాట మాట్లాడలేదు. పేరు పిలిస్తే లేచి నిలబడేది, అంతే. బెల్లం కొట్టిన రాయి నయం. పిల్లలు ఊరుకుంటారా, చిలక అని పేరు పెట్టారు. తల్లి దర్జీ షాపులో కాజాలు కుట్టేది. ఆవిడకీ ఏం చేయాలో తోచేది కాదు. "ఇంట్లో కూడా అంతేనండీ టీచర్. ఆకలేస్తే వచ్చి నా చెంగు లాగుతుంది," అనేది.

మా వదిన ఆ ఆట మొదలుపెట్టిన కొత్తల్లో చిలక చేత మాట్లాడించాలని చూడలేదు. "నువ్వు ఊరికే బల్ల కొట్టమ్మా, చాలు," అంది. కొట్టింది. అబ్బ, ఏం కొట్టుడు! మా వదిన నాన్న ఎక్కడున్నా చెవి ఇటు తిప్పి ఉంటాడు. కొన్నాళ్ళకి పెదవులు కదిలాయి. ఒకరోజు చెక్కగోడ ఇవతల నేను హాజరు వేస్తుంటే, అటునుంచి ఎప్పుడూ వినని సన్నటి గొంతు ఒంటరిగా "లోపల ఎవరండీ?" అంది. నా కలం ఆగిపోయింది. అటుపక్క పిల్లలు కూడా జవాబు చెప్పడం మర్చిపోయినట్టున్నారు. ఆ తర్వాత గోడ అదిరిపోయేట్టు "యాభై ఆరు!" అన్నారు. సాయంత్రం ఇంటికి నడిచి వస్తూ మా వదిన దారంతా ముక్కు చీదుతూనే ఉంది.

ఆ తర్వాత చిలక కిటికీ వరసకి నాయకురాలైంది. ఆమె కొడితేనే అందరూ కొట్టాలి. ఒకసారి మా వదిన, "అటువాళ్ళు ఇటూ, ఇటువాళ్ళు అటూ మారండర్రా," అంది. కిటికీ వరస మొత్తం లబోదిబోమంది. బల్ల కొట్టే పని ఎవరు వదులుకుంటారు? చిలక ఏడవలేదు. బెంచీని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. మర్నాడూ నోరు విప్పలేదు, ఆ మర్నాడూ విప్పలేదు. మా వదినకి ప్రాణం ఉసూరుమంది.

"పోనీలే, ఎవరి చోట్లో వాళ్ళుంటారు. రోజూ వింటున్నారు కదా, చెవిన పడింది ఎక్కడికి పోతుంది?" అంది నాతో. నాకూ నిజమే అనిపించింది. ఎవరికి అనిపించదు? రెండు వరసలూ కలిసి పాడుతుంటే ఎక్కం ఒక్క చోట కూడా తెగేది కాదు. పెద్ద మాస్టారైతే బడికి ఎవరొచ్చినా ముందు ఆ గదికే తీసుకెళ్ళేవారు. "మా మూడో తరగతి చూడండి," అనేవారు, ఆ పిల్లలందర్నీ తనే కన్నట్టు.

ఆ ఏడాది చివర మూడో తరగతికి అన్ని బళ్ళకీ కలిపి ఒకే లెక్కల పరీక్ష పెడతారని కబురొచ్చింది. పెద్ద మాస్టారు మా వదినని పిలిచారు. "మీ పిల్లలు గట్టెక్కితే వచ్చే ఏడాది అన్ని తరగతుల్లోనూ ఈ ఆటపాటలే పెట్టిస్తానమ్మా. తప్పితే మాత్రం నన్ను ఏమీ అడగొద్దు. ఇప్పటికే పైవాళ్ళు బడా, బ్యాండుమేళమా అంటున్నారు," అన్నారు.

"గట్టెక్కుతారు సార్," అంది మా వదిన. ఎంత ధీమాగా అందో!

పరీక్షకి పక్క బడి నుంచి ఒక మాస్టారొచ్చారు. మంచివాడే, పాపం, రూల్సు మనిషి. పిల్లల్ని చెదరగొట్టి దూరం దూరంగా కూర్చోబెట్టాడు. మమ్మల్ని లోపలికి రానివ్వకూడదు కాబట్టి వరండాలో నిలబడ్డాం. కాసేపటికి లోపల్నించి టక్ టక్ టక్ మని వినపడింది. మెల్లగా, వేలి కణుపుతో.

"ఎవరది? చప్పుడు చెయ్యకూడదు," అన్నాడు మాస్టారు.

మా వదిన నా చెయ్యి పట్టుకుని నవ్వింది. "మా చిలకే. తాళం వేసుకుంటోంది పిచ్చితల్లి," అంది. మళ్ళీ టక్ టక్ టక్. ఈసారి మాస్టారు గద్దించాడు. ఆ తర్వాత ఏమీ వినపడలేదు.

గంట కొట్టాక పిల్లలు బిలబిలా బయటికొచ్చారు. గోడ వరస వాళ్ళు ఎగురుకుంటూ వచ్చారు. కిటికీ వరస వాళ్ళు ఎవరి మొహం చూసినా ఏదోలా ఉంది. మా వదిన చిలక గడ్డం పట్టుకుని, "ఎలా రాశావే?" అంది.

"తలుపు కొట్టాను టీచర్," అంది చిలక. "ఎవరూ తియ్యలేదు."

మా వదిన ఫక్కుమంది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆవిడ, "సరే, ఏడు ఎనిమిదులెంత?" అంది. చిలక తల తిప్పి, గోడ వరస పిల్లలు ఎక్కడున్నారా అని వెతికింది. మా వదిన నవ్వు ఆగిపోయింది. పక్కనున్న వాణ్ణి అడిగింది, వాడూ అటే చూశాడు. ఆ వెనకవాణ్ణి అడిగింది. "అది వాళ్ళు చెప్పాలి కదా టీచర్," అన్నాడు వాడు, ఇదేం అన్యాయం అన్నట్టు.

ఇక మా వదిన సంగతి ఏం చెప్పను? వరండా అరుగు మీద కూలబడిపోయింది. ఏడాది పొడుగునా సగం గది అడిగింది, సగం గది చెప్పింది. అడిగేవాళ్ళ చెవిన జవాబు పడే వేళకి వాళ్ళ చేతులు తర్వాతి దరువు మీద ఉన్నాయి. పిల్లల్ని తిట్టడానికి లేదు. పరీక్ష పెట్టినవాళ్ళని తిట్టడానికీ లేదు. ఎటు చూసినా తనే కనపడుతోంది ఆవిడకి.

పెద్ద మాస్టారి దగ్గరికి పరిగెత్తింది. వెనకే నేనూ వెళ్ళాను.

"ఒక్క నెల టైమివ్వండి సార్. అటూ ఇటూ మార్చి కూర్చోబెడతాను. పిల్లలకి రాదని కాదు సార్, సగమే వచ్చు."

"పేపర్లు కట్టలు కట్టి పంపించేశారమ్మా. నా చేతుల్లో ఏముంది?" అన్నారాయన. చిరాకు పడతారనుకున్నాను, పడలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది.

గోడ వరస అంతా పాసు, కిటికీ వరస అంతా ఫెయిలు. ఒక పక్కవాళ్ళకి టీచరే జవాబులు చెప్పి ఉంటుందని పైనుంచి ఒక మాట కూడా వచ్చింది. మా అన్నయ్య ఆ వేళ అన్నం ముందు కూర్చుని, "పోనీ, అసలు సంగతి రాసి పంపించవే," అన్నాడు. "ఏమని రాయను? సగం పిల్లలకి నేనే చదువు చెప్పలేదనా?" అని మా వదిన లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మా ఇంట్లో గిన్నెల మీద మూతలు చప్పుడు లేకుండా పడేవి. అన్నయ్య కావాలని రేడియో స్టేషను మాట ఎత్తినా ఉలుకూ పలుకూ లేదు.

కొత్త ఏడాది మొదలైంది. గోడ వరస పిల్లలు పాసై నా గదిలోకొచ్చారు. కిటికీ వరస మా వదిన దగ్గరే ఉండిపోయింది. బళ్ళో పాటలూ దరువులూ బందు. ఆ పిల్లల్ని ఆవిడ ఒక్కొక్కళ్ళనే పక్కన కూర్చోబెట్టుకుని, ప్రశ్నా జవాబూ రెండూ వాళ్ళ చేతే మామూలుగా చెప్పించేది. నెమ్మదిగా ఒక్కొక్కరికీ వస్తున్నాయి. చిలకకి రాలేదు. చిలక మళ్ళీ రాయి అయిపోయింది.

తల్లి బడికొచ్చి చెప్పేసింది. "ఈసారి కూడా తప్పితే నాతోపాటు షాపుకి తీసుకుపోతానండీ టీచర్. బొత్తాలు కుట్టుకుంటుంది. మాట్లాడక్కర్లేని పని." ఆవిడ గొంతులో కోపం లేదు. నోట్లో నాలుక లేని పిల్లకి ఒక దారి చూపించాలని తాపత్రయం, అంతే.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక మా వదిన చిలకని ఆపింది. రూలూ లేదు గీలూ లేదని తలుపు దగ్గరగా వేసింది. నేను నా గదిలో పుస్తకాలు సర్దుతున్నాను, అంతా వినపడుతోంది.

"కొట్టు తల్లీ. నీ ఇష్టం వచ్చినట్టు కొట్టు. కొట్టి, నువ్వే తలుపు తియ్యి. సరేనా?"

తర్వాత చిలక గొంతు. కొత్త ఏడాదిలో నేను వినడం అదే మొదలు.

"నేను బయట ఉన్నాను కదా టీచర్," అంది. "లోపల్నించి ఎలా తీస్తాను?"

మా వదిన తలుపు తీసి దాన్ని ఇంటికి పంపించింది. ఇంటికి వస్తూ మలుపు దగ్గర ఆగి, "అమ్మాయ్, దానికి నేనేం చెప్పను?" అంది. ఆవిడ చేతిలో సంచీ అందుకుని ముందు నడిచాను.

మర్నాడు ఎక్కాల వేళ. నా గదిలో పిల్లలు బోర్డు చూసి లెక్కలు ఎక్కించుకుంటున్నారు. చెక్కగోడ మీద, అటునుంచి, టక్ టక్ టక్.

"ఏడు ఎనిమిదులొచ్చామండీ, లోపల ఎవరండీ?"

నా పిల్లల తలలు ఒక్కసారిగా లేచాయి. నేను నోరు తెరిచేలోపే అందరూ నిలబడి చేతులు బార్లా చాపేశారు. "యాభై ఆరు ఉన్నామండీ, లోపలికి రండి!" గది దద్దరిల్లింది. గోడ అవతల చిలక కిలకిలా నవ్వింది. దాని జవాబులన్నీ గోడకి ఇవతల ఉన్నాయని ఇన్నాళ్ళకి కనిపెట్టినట్టుంది.

మా వదిన నా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో సుద్దముక్క. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా వైపు చూడలేదు, పిల్లల వైపే చూసింది.

"చెప్పకండర్రా," అంది. "మీరు చెబుతుంటే అది ఎప్పటికీ నేర్చుకోదు. మీకు దణ్ణం పెడతాను, చెప్పకండి నాన్నా."

పిల్లలు బిక్కచచ్చిపోయి చేతులు దించుకున్నారు. పెద్దవాళ్ళు దణ్ణం పెడితే పిల్లలు ఏమైపోతారు?

మళ్ళీ టక్ టక్ టక్. గొంతులో ఇంకా నవ్వుంది.

"ఏడు తొమ్మిదులొచ్చామండీ, లోపల ఎవరండీ?"

నా పిల్లలు నన్ను చూశారు, ఆవిడని చూశారు. ముందు బెంచీలో ఒకడు అరచేత్తో నోరు మూసుకున్నాడు. అరవై మూడని వాడికి తెలుసు, గదిలో అందరికీ తెలుసు. ఎవరూ పలకలేదు. అటుపక్క చిలక కాసేపు ఆగి, ఇంకొంచెం గట్టిగా కొట్టింది. మా వదిన సుద్దముక్క పట్టుకుని ఆ గుమ్మంలోనే నిలబడి ఉంది.